చెక్క రాజదండం

పోలండ్ వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతి ఒక్కరూ నన్నడిగిన మొదటి ప్రశ్న, "పారిస్ కూడా చూశారా?" అని. రెండోది, "అమ్మాయికి సంబంధాలేమైనా చూస్తున్నారా?" అని. పారిస్ చూడలేదండీ. రెండోదానికి జవాబు చెప్పాలంటే మధ్యలో ఒక రాణిగారి కథ వస్తుంది, ఓపిక పట్టాలి.

మా అమ్మాయి క్రాకోవ్‌లో రెండేళ్ళు చదివి అక్కడే ఉద్యోగంలో చేరింది. జీతంలో మిగిల్చిన డబ్బుతో నాకు టికెట్ పంపింది. మా వారికి సెలవు లేదు, మా అత్తగారిని ఒక్కరినీ వదిలే వీలూ లేదు. అలా హైదరాబాదు దాటి ఎరగని నేను ఆవకాయ సీసాకి మూడు కవర్లు చుట్టుకుని, రెండు విమానాలు మారి, సెప్టెంబరులో ఆ ఊళ్ళో దిగాను. నా ఫోన్‌లో మూడు బయోడేటాలు ఉన్నాయి. నా అసలు పని అవే. ఊరు చూడటం వంక.

క్రాకోవ్ అని రాస్తున్నాను గానీ వాళ్ళు పలికేది 'క్రాకూఫ్' అని. ఒకప్పుడు పోలండ్ రాజధాని. నాలుగు వందల ఏళ్ళ క్రితం రాజులు వార్సాకి మారిపోయారు. రెండో ప్రపంచ యుద్ధంలో వార్సా నేలమట్టమైపోయింది, ఇది మాత్రం కట్టడాల వరకు క్షేమంగా మిగిలింది. మనుషుల సంగతి వేరు, అది తర్వాత చెప్తాను.

ఊరి నడుమ పెద్ద చౌకు. ఒక్కో వైపు 200 మీటర్లు. 1257లో గీసిన నక్షా ఇప్పటికీ అలాగే ఉంది. మధ్యలో సుకియెన్నీత్సె అని పొడవాటి బట్టల బజారు. ఒకప్పుడు అక్కడ బట్టల వ్యాపారం జరిగేదట, ఇప్పుడు అంబర్ పూసలూ చెక్క పెట్టెలూ అమ్ముతున్నారు. పై అంతస్తు పందొమ్మిదో శతాబ్దపు చిత్రాల మ్యూజియం. కాళ్ళు నొప్పులని నేను ఎక్కలేదు. నీలం బళ్ళ మీద చుట్టలాంటి రొట్టెలు అమ్ముతుంటారు, ఒబ్వజానెక్ అంటారు. ఒకటి కొరుక్కుంటూ తిరిగితే పూట గడిచిపోతుంది.

ఆ చౌకులో ఒక మూల మేరీమాత చర్చి. రెండు గోపురాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుదాని మీంచి గంటగంటకీ, రాత్రీ పగలూ, నాలుగు దిక్కులకీ తిరిగి బాకా ఊదుతారు. ఊదేది ఫైర్ సర్వీసు వాళ్ళు. ఆ పాట మధ్యలో తుంచేసినట్టు ఆగిపోతుంది. 1241లో తార్తార్లు ఊరి మీదికొస్తుంటే హెచ్చరికగా ఊదుతున్న వాడి గొంతులో బాణం దిగిందట, అక్కడిదాకానే ఇప్పటికీ ఊదుతారట. అది కథే తప్ప చరిత్ర కాదంటుంది మా అమ్మాయి. దానికి ప్రతిదానికీ ఆధారం కావాలి, వాళ్ళ నాన్న పోలిక.

చర్చి లోపల, సరిగ్గా 11:50కి, పెద్ద చెక్క తలుపుల్లాంటి బలిపీఠాన్ని తెరుస్తారు. వైట్ స్టోస్ అనే శిల్పి 1477 నుంచి 1489 దాకా పన్నెండేళ్ళు కూర్చుని చెక్కాడు. నడిమి దృశ్యంలో మేరీమాత చివరి క్షణాలు. మోకాళ్ళ మీదికి ఒరిగిపోతున్న ఆవిడని ఒక శిష్యుడు పడిపోకుండా పట్టుకుని ఉంటాడు. విగ్రహాలు మనిషి కన్నా పెద్దవి. ఆ శిష్యుల చేతుల మీద నరాలు, మెడల మీద ముడతలు, అంతా చెక్కే. మనకి కొండపల్లి బొమ్మలకి పొణికి కర్ర ఎలాగో, వాళ్ళకి లిండెన్ అనే చెట్టట. నాజీలు దీన్ని విప్పి జర్మనీ పట్టుకుపోతే యుద్ధం తర్వాత వెతికి తెచ్చుకున్నారు. తలుపులు తెరుచుకుంటుంటే గర్భగుడి తెర తీసినప్పటిలాగే అందరూ ఒక్కసారి మెడలు చాపారు. నా చేతులు వాటంతటవే దగ్గరకు చేరాయి. పక్కనున్న ముసలావిడ నన్ను చూసి నవ్వింది.

మర్నాడు చార్టోరిస్కీ మ్యూజియం. లియొనార్డో డావిన్చీ వేసిన 'ఎర్మిన్‌తో ఉన్న స్త్రీ' బొమ్మ అక్కడుంది. చీకటి గదిలో ఒక్క బొమ్మ, చిన్నది, మన పూజగదిలో పటమంత. ముంగిసలాంటి తెల్లటి జంతువుని ఒళ్ళో పెట్టుకున్న పదహారేళ్ళ పిల్ల. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్ల, వెనకనుంచి ఎవరో పిలిస్తే తల తిప్పినట్టుంటుంది. నేనా మాట పైకే అన్నాను. "అమ్మా, ఆ పిల్లకి పెళ్ళిచూపుల్లేవు. మిలాన్ ప్రభువు ఈమెను ఉంచుకుని, పెళ్ళి వేరే ఆమెను చేసుకున్నాడు" అంది మా అమ్మాయి. బయోడేటాల సంగతి ఎత్తుదామనుకున్నదాన్ని నోరు మూసుకున్నాను.

మూడో రోజు విస్తులా నది అవతలికి వెళ్ళాం. ట్రాము దిగేసరికి పాదాలు వాచిపోయి ఉన్నాయి. ఎదురుగా విశాలమైన ఖాళీ స్థలం, వరసగా లోహపు కుర్చీలు. వెళ్ళి ఒక కుర్చీ మీద కూర్చుని చెప్పులు విప్పాను. మా అమ్మాయి పక్కనే నిలబడింది, కూర్చోలేదు. కాసేపాగి చెప్పింది. 1941 మార్చిలో ఊళ్ళో మిగిలిన యూదులని తెచ్చి ఈ పేటలో గోడకట్టి కుక్కారట. 1943 మార్చిలో ఖాళీ చేయించారు. ఇక్కడే నిలబెట్టి, ఎవరు ఎటు వెళ్ళాలో విడగొట్టి, చాలామందిని చంపేశారు. వాళ్ళు ఇళ్ళలోంచి మోసుకొచ్చిన సామాను ఈ నేల మీదే చెల్లాచెదురుగా మిగిలిపోయింది. ఆ గుర్తుకే ఈ ఖాళీ కుర్చీలు.

లేచి నిలబడ్డాను. "కూర్చోవచ్చమ్మా, ట్రాము కోసం అందరూ కూర్చుంటారు" అంది. అయినా నాకు ఇక కూర్చోబుద్ధి కాలేదు.

ఆ మూలే ఒక మందుల షాపు ఉంది, ఇప్పుడు మ్యూజియం. తదేవుష్ పాంకియెవిచ్ అనే ఆయనది. యూదు కాకపోయినా పేట లోపలే ఉండి షాపు నడిపాడు. మందులతో పాటు జుట్టుకి వేసే రంగు కూడా ఇచ్చేవాడట. ముసలివాళ్ళలా కనిపిస్తే ముందు వాళ్ళనే పంపించేస్తారు కాబట్టి, రంగు వేసుకుని పడుచువాళ్ళలా కనపడటానికి. నెలనెలా తలకి రంగు వేసుకునేదాన్ని, ఆ అరల ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఇక వావెల్ కోట. దానికన్నా ముందు మా అమ్మాయి యూనివర్సిటీ గురించి చెప్పాలి. యాగియెలోనియన్ విశ్వవిద్యాలయం 1364లో పుట్టింది. పాత భవనం కొలేగియం మాయుస్ ఇప్పుడు మ్యూజియం. ఎర్రటి ఇటుకల ప్రాంగణం, చుట్టూ కమాను వసారాలు, మధ్యలో బావి. గోడ గడియారంలోంచి రెండు గంటలకోసారి చిన్న చిన్న బొమ్మలు ఊరేగింపుగా వెళ్తాయి. కోపర్నికస్ 1491లో ఇక్కడ చదువుకోవడానికి వచ్చాడు. ఆ ప్రాంగణంలో నిలబడి మా అమ్మాయి నాకు నవోయ్కా కథ చెప్పింది. ఆరు వందల ఏళ్ళ క్రితం ఆడపిల్లలకి చదువు లేని రోజుల్లో మగవేషం వేసుకుని ఇక్కడ చదివిందట. బయటపడ్డాక కన్యాశ్రమంలో చేరిందట. ఇదీ కథేనంది. చరిత్ర ఏమిటంటే, 1894లో ముగ్గురు ఆడవాళ్ళని మొట్టమొదటిసారి చేర్చుకున్నారు. ముగ్గురూ మందుల తయారీ నేర్చినవాళ్ళు. పుట్టిన అయిదు వందల ముప్ఫై ఏళ్ళకి. అమ్మాయిల హాస్టల్‌కి నవోయ్కా పేరే పెట్టారు.

ఈ విశ్వవిద్యాలయం నడుమలో ఒకసారి చచ్చిపోయినంత పనయింది. దాన్ని బతికించింది ఒక ఆడమనిషి. ఆవిడే యాద్విగా.

పది పదకొండేళ్ళ పిల్లగా 1384లో పట్టాభిషేకం. రాణి అని కాదు, రాజు అనే. మన రుద్రమదేవి రుద్రదేవ మహారాజైనట్టే. చిన్నప్పుడే ఆస్ట్రియా రాకుమారుడితో మాట అనుకున్నారు. పెద్దలు అది చెరిపేసి, లిథువేనియా పాలకుడు యగైలోకిచ్చి చేశారు. అతను ఆమెకన్నా చాలా పెద్దవాడు, అసలు చూసి ఎరగదు. అప్పటికి పన్నెండేళ్ళు. 1399లో ఆడపిల్ల పుట్టింది, మూడు వారాలకి పోయింది. నాలుగు రోజులకి తల్లీ పోయింది. పాతికేళ్ళు. పోతూ పోతూ నగలన్నీ చదువుకి రాసిచ్చింది. ఆ మరుసటేడు 1400లో విశ్వవిద్యాలయం మళ్ళీ తెరుచుకుంది.

వావెల్ గుట్ట మీది పెద్ద చర్చిలో ఆవిడ సమాధి ఉంది. తెల్ల పాలరాతి మీద పడుకున్న పడుచు, కాళ్ళ దగ్గర చిన్న కుక్క. అక్కడే గాజు పెట్టెలో ఒక రాజదండం, ఒక గోళం. ఆమెతో పాటు సమాధిలో పెట్టినవి. చెక్కవి. పైన బంగారు పూత, అదీ చాలావరకు పోయింది. నగలన్నీ ఇచ్చేసింది కాబట్టి చెక్కవి మిగిలాయని చెప్పుకుంటారు.

నేను ఊరుకోవచ్చు కదా. ఇన్ని రోజులుగా ఆధారాలు, చరిత్ర అని విని విని ఉన్నానేమో, హుషారుగా "అయితే రాణిగారిది ఒన్ గ్రామ్ గోల్డ్ అన్నమాట!" అన్నాను.

నవ్వింది మా అమ్మాయి. "సమాధిలో పెట్టేవి ఎవరికైనా చవకరకమే పెట్టేవాళ్ళమ్మా" అంది. అంతే. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

అదే చర్చి గోపురంలో జిగ్మంట్ గంట ఉంది. 1520లో పోత పోశారు, దాదాపు 13 టన్నులు, మోగించాలంటే పన్నెండు మంది లాగాలి. పెద్ద పండుగలకే మోగిస్తారు. ఇరుకైన చెక్క మెట్లు, దూలాల మధ్య వంగి వంగి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందే ఉండిపోండి. పైకి ఎక్కినవాళ్ళందరూ గంట నాలుకని ఎడమ చేత్తో తాకి కోరిక కోరుకుంటారు. ఎడమ చెయ్యేమిటి అశుభంగా అనుకుంటూనే నేనూ చెయ్యి చాపాను. నా కోరిక మీకు తెలుసు, మూడు బయోడేటాల్లో రెండోవాడు.

కిటికీలోంచి ఎండ నేరుగా నా మణికట్టు మీద పడింది. గాజుల అంచుల దగ్గర పూత లేచిపోయి రాగి కనిపిస్తోంది. మణికట్టు చుట్టూ పచ్చగా చార.

"అమ్మా, ఇవి ఆ గాజులు కావుగా?"

"ప్రయాణంలో ఎందుకని..."

"లాకర్లో ఉన్నాయా?"

"ఆఁ."

"నాన్నకి ఫోన్ చేసి అడగనా?"

వెనక పదిమంది వాళ్ళ కోరికలతో వరసలో నిలబడి ఉన్నారు. దిగిపోయాం.

ఇక్కడ మీకు విషయం చెప్పాలి. మా నాన్న నా పెళ్ళికి చేయించిన నాలుగు గాజులు, ఎనిమిది కాసులవి. దాని రెండో ఏడాది ఫీజుకి బ్యాంకు లోను చాలలేదు. తాకట్టు పెడితే విడిపించలేమని తెలిసి, అమ్మేశాను. షాపతను తూకం వేసి తరుగు తీస్తుంటే కళ్ళు తిప్పుకున్నాను. ఆ మధ్యాహ్నమే నాలుగు పక్కసందు షాపులో ఒన్ గ్రామ్‌వి అచ్చం అవే కొనుక్కుని వేసుకున్నాను. మా వారికి తప్ప ఎవరికీ తెలియదు. మా అత్తగారికి ఈ రోజుకీ తెలియదు. వీడియో కాల్‌లో ఇది అడిగినప్పుడల్లా "లాకర్లో ఉన్నాయి, నీ పెళ్ళికి కొత్త మోడల్‌లోకి మార్పిస్తా" అనేదాన్ని.

ఆ రాత్రి పియెరోగి వండింది. బంగాళాదుంప, పాలవిరుగు కూరి ఉడికించిన కజ్జికాయల్లాంటివి. ఇద్దరం తలలు దించుకుని తింటున్నాం. దానికి కృతజ్ఞత పొంగుకొస్తుందని, కళ్ళు తుడుచుకుంటుందని, నేను తల నిమురుతానని, గోపురం మెట్లు దిగుతూ ఒక పక్క బాధలోనూ ఊహించుకున్నాను. అబద్ధమెందుకు.

"నేను అడిగానా?" అంది.

"అడగాలా?"

"చెప్పాలిగా! రెండో సెమిస్టర్‌లో నాకు ఆ కోర్సు నచ్చలేదు. మానేసి వచ్చేద్దామనుకున్నాను. లోను డబ్బేగా, ఉద్యోగం చేసి కట్టేస్తాననుకున్నా. నాన్న 'ఫీజు కట్టేశాం' అనేసరికి ఆగిపోయా. ఆ డబ్బు నీ గాజులని తెలిస్తే అస్సలు కట్టనిచ్చేదాన్ని కాదు."

మానేద్దామనుకున్న సంగతి నాకు తెలియదు. వారానికి మూడుసార్లు మాట్లాడుకునేవాళ్ళం. ఏం తిన్నావు, చలిగా ఉందా, జుట్టుకి నూనె రాస్తున్నావా. అది అడగనేలేదు నేను, అదీ చెప్పలేదు.

"పొద్దున చూపించావుగా రాణిగారిని" అన్నాను, ఏదో ఒకటి అనాలని. "ఆవిడ ఇచ్చినప్పుడు లేని తప్పు..."

"ఆవిడ యూనివర్సిటీకి ఇచ్చిందమ్మా. నువ్వు నాకిచ్చావు. యూనివర్సిటీ ఆవిడ మాట వినక్కర్లేదు. ఆవిడ చెప్పినవాణ్ణి చేసుకోనక్కర్లేదు." కాసేపాగి, "నీ ఫోన్‌లో ఉన్నవి చూశాను, మొన్న ఫొటోలు పంపుకుంటుంటే. ముగ్గురు" అంది.

నేనేం మాట్లాడలేదు. అది అన్నది నిజం. బిడ్డ చదువు కోసం అమ్మాను, అందులో సందేహం లేదు. కానీ అమ్మిన రోజు నుంచీ మనసులో ఒక పద్దు రాసుకుంటూనే ఉన్నాను, ఇంత చేశాను కదా, ఒక్క మాట వినకపోతుందా అని. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. అనకపోతే లేనట్టే అనుకున్నాను.

మర్నాడు వియెలిచ్కా ఉప్పు గనులు. ఇద్దరికీ వెళ్ళాలని లేదు. టికెట్లు ముందే కొనేసింది, డబ్బు తిరిగి రాదు, కాబట్టి వెళ్ళాం. డబ్బు దగ్గర తల్లీకూతుళ్ళం ఒక్కటే. రైల్లో అది కిటికీ బయటికి, నేను నా బ్యాగులోకి చూస్తూ కూర్చున్నాం.

గనిలోకి వందల మెట్లు చెక్కవి, గుండ్రంగా దిగుతూనే ఉండాలి. పదమూడో శతాబ్దం నుంచి 1996 దాకా ఉప్పు తవ్వారట. 101 మీటర్ల లోతులో కింగా పేరుతో ఒక చర్చి ఉంది. నేల, గోడలు, బొమ్మలు, దీపాల గుత్తులకి వేలాడే స్ఫటికాలు కూడా ఉప్పే. గని కూలీలే చెక్కారు. ఆ కింగా హంగరీ రాకుమారి. పోలండ్ ప్రభువుకిచ్చి చేస్తుంటే కట్నంగా బంగారం వద్దు, ఉప్పు కావాలందట. తండ్రి ఒక ఉప్పుగని ఇస్తే నిశ్చితార్థపు ఉంగరం అందులో పడేసింది. ఇక్కడికొచ్చాక తవ్వమంటే మొదటి ఉప్పుగడ్డలో ఆ ఉంగరం దొరికిందట. గైడు ఇంగ్లీషులో చెప్తుంటే మా అమ్మాయి నాకు మెల్లిగా తెలుగులో చెప్పుకొచ్చింది, ముభావంగానే.

"ఉప్పు కట్నమా! మీ నానమ్మ వింటే ఎన్ని బస్తాలని అడిగేది" అన్నాను.

దానికి నవ్వొచ్చేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. గోడలు నాకి చూస్తే ఉప్పగా ఉంటాయని చెప్పారు కదా అని నేనూ నాకాను. మా అమ్మాయి తల కొట్టుకుని, చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కుపోయింది. పైకి రావడానికి లిఫ్టుంది, భయపడకండి.

ఆఖరి రోజు సామాను సర్దుకున్నాక, రోజూ ఆఫీసుకి ట్రాములో వెళ్ళే దారి చూపిస్తానని కార్మెలీత్స్కా వీధికి తీసుకెళ్ళింది. అక్కడ కార్మలైట్ చర్చి బయటి గోడలో ఒక రాయి, దాని మీద పాదం గుర్తు. చర్చి కడుతున్న రోజుల్లో ఒక రాతిపనివాడు ఏడుస్తూ కనిపిస్తే, భార్యకి జబ్బని తెలిసి, యాద్విగా ఆ రాయి మీద కాలు పెట్టి, చెప్పుకున్న బంగారు బకిల్ తీసి ఇచ్చేసిందట. ఆ కాలి గుర్తు అలా ఉండిపోయిందట.

"ఇదీ కథేనా?" అన్నాను.

"కథే" అంది. "నాకిష్టం."

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దగ్గర గాజులు తీసి ట్రేలో పెట్టాను. తీసుకుని మళ్ళీ వేసుకుంటుంటే బ్యాగులో మడిచిన కాగితం కనిపించింది, అది ఎప్పుడు పెట్టిందో. పైన ఎనిమిది కాసులు, అరవై నాలుగు గ్రాములు. పక్కన ఆ రోజు బంగారం రేటు. నేను అమ్మినప్పటి రేటు కాదు. కింద మొత్తం, దాన్ని ఇరవై నాలుగు నెలలకి భాగించి నెలకింత అని. అడుగున, "బయోడేటాలు కూడా పంపు. చూస్తాను. చూస్తాననే అన్నాను" అని.

విమానంలో నాకు కోపం వచ్చింది. తల్లికి లెక్క కట్టి ఇస్తారా అని. తర్వాత, పద్దు ముందు రాసింది ఎవరని గుర్తొచ్చింది.

ఇంటికొచ్చాక మా వారికి కాగితం చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, లెక్క సరిగ్గానే ఉందన్నారు. బయోడేటాలు పంపాను, మూడూ. రెండోవాడి గురించి గట్టిగా చెప్పాలనిపించింది గానీ చెప్పలేదు. ఈ నెల అయిదో తారీకున మొదటి వాయిదా నా అకౌంట్‌లో పడింది. రెండు రోజులు దాన్నలా చూస్తూ ఊరుకున్నాను. తిప్పి పంపలేదు.